జాతీయం ముందా, కథ ముందా? ఇంగ్లీషు నుడికారంపై పాఠకుల ప్రశ్నలు

ఇంగ్లీషు జాతీయాల గురించి ఈసారి అందిన ఉత్తరాల్లో చాలామంది అర్థాన్ని తామే సరిగ్గా రాసి, పుట్టుక గురించి మాత్రం తాము విన్న కథ నిజమో కాదో చెప్పమని అడిగారు. అందువల్ల దాదాపు అన్ని జవాబులకూ ఒకే కొలమానం పెట్టుకున్నాను. ఆ మాట అచ్చులో ఎప్పటినుంచి కనిపిస్తోంది, దానికి మూలమని చెబుతున్న సంఘటన ఎప్పుడు జరిగింది అన్న రెండు కాలాలను పక్కపక్కన పెట్టి చూడడమే ఆ కొలమానం. కథ ఎంత ముచ్చటగా ఉన్నా, కాలాలు కుదరకపోతే దాన్ని వదులుకోక తప్పదు.

ప్రశ్న: ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అంటే జోరుగా వాన కురవడమని తెలుసు. పూర్వం ఇంగ్లండులో పిల్లులు, కుక్కలు పూరిళ్ల కప్పుల్లో తలదాచుకునేవనీ, పెద్ద వాన వచ్చినప్పుడు అవి జారి కింద పడేవనీ, అందుకే ఈ మాట పుట్టిందనీ ఫోనులో ఒక సందేశం వచ్చింది. పిల్లలకు ఇదే చెప్పవచ్చా?

జవాబు: దయచేసి చెప్పకండి. 1999లో ‘1500ల నాటి జీవితం’ అన్న అర్థం వచ్చే పేరుతో ఒక ఈమెయిలు విపరీతంగా తిరిగింది. స్నానాలు, పెళ్లిళ్లు, భోజనాలు, శవపేటికలు అంటూ రకరకాల విషయాలు చెప్పి, ఒక్కొక్క ఇంగ్లీషు జాతీయానికి ఒక్కొక్క కథ అల్లిన ఆ రచనలో చరిత్ర దాదాపు శూన్యం. మీకు వచ్చిన సందేశం దాని సంతతే.

పూరికప్పు ఎలా ఉంటుందో కాస్త నిదానంగా ఆలోచించినా ఈ కథ నిలవదు. గడ్డిని కట్టలుగా కట్టి, బాగా వాలుగా, వరుస మీద వరుసగా దట్టంగా పరిచి, నీరు లోపలికి ఇంకకుండా పైపైనే జారిపోయేలా బిగించిన కప్పు అది. చిట్టెలుక దూరడానికి సందు దొరికితే దొరకవచ్చు గాని కుక్క పడుకోవడానికి అందులో చోటుండదు. ఇక కప్పు మీద పడుకునేవి అనుకుందామా అంటే, వానకు తడవకుండా తలదాచుకోవాలనుకున్న జంతువు కప్పు కిందికి చేరుతుంది గాని కప్పు మీదికి ఎక్కదు.

అచ్చులో దొరికే ఆధారాలు వేరే దారి చూపిస్తాయి. 17వ శతాబ్దం మధ్యలో అచ్చయిన రిచర్డ్ బ్రోమ్ నాటకం ఒకదానిలో కుక్కలూ, ముంగిస వంటి పోల్‌క్యాట్‌లూ వానగా కురుస్తాయన్న మాట ఉంది. అంటే నేటి రూపం స్థిరపడకముందే జంతువులు వానగా కురవడమనే ఊహ వాడుకలో ఉందన్నమాట. 1710లో జోనథన్ స్విఫ్ట్ లండన్ నగరంలో కురిసిన ఒక జడివానను వర్ణిస్తూ పద్యం రాశాడు. వీధి కాలువలు పొంగి, కసాయి దుకాణాల చెత్తతో పాటు నీళ్లలో మునిగి చచ్చిన కుక్కపిల్లలనూ, పిల్లుల కళేబరాలనూ మోసుకొస్తున్న దృశ్యంతో ఆ పద్యం ముగుస్తుంది. 1738లో ఆయనే సంపన్నుల ఊసుపోని కబుర్లను అనుకరిస్తూ వెలువరించిన సంభాషణల పుస్తకంలో ఈ జాతీయం నేటి రూపంలోనే కనిపిస్తుంది. అరిగిపోయిన మాటలను ఏరి కూర్చిన పుస్తకం కాబట్టి, అప్పటికే అది అందరి నోటా నలిగిన మాట అయి ఉండాలి. వాన తర్వాత వీధుల్లో తేలిన కళేబరాలను చూసి ఈ ఊహ కలిగిందని కొందరంటారు. అది పూరికప్పు కథకంటే నమ్మదగినదే గాని రుజువైనది కాదు. పిల్లలకు ఇది 300 ఏళ్లకు పైబడిన మాట అని చెప్పి, స్విఫ్ట్ వర్ణించిన ఆ వీధిని వారి కళ్లకు కట్టించండి. అల్లిన కథకంటే అదే వారికి ఎక్కువ కాలం గుర్తుంటుంది. అనువదించేటప్పుడు మాత్రం పిల్లులనూ కుక్కలనూ అక్కడే వదిలేసి, కుండపోతగా కురిసిందనో, ఆకాశానికి చిల్లు పడినట్టు కురిసిందనో రాయాలి.

ప్రశ్న: బాధను గుండె దిటవుతో ఓర్చుకోవడం అనే అర్థంలో వాడే ‘బైట్ ది బుల్లెట్’ (గుండును కొరకడం) అనే మాట 1857 తిరుగుబాటు నుంచి వచ్చిందనీ, సిపాయిలు తూటాలను పళ్లతో కొరకవలసి రావడమే దానికి మూలమనీ చదివాను. నిజమేనా?

జవాబు: తూటాకూ 1857కూ సంబంధం ఉన్న మాట నిజమే. ఈ జాతీయానికీ 1857కూ సంబంధం ఉందనడమే నిజం కాదు. ఆ కాలపు ఎన్‌ఫీల్డ్ తుపాకీకి వాడిన తూటా ఒక కాగితపు గొట్టం. దాని లోపల మందు, గుండు రెండూ ఉండేవి. సిపాయి ఆ కాగితం కొసను పంటితో చింపి, మందును తుపాకీ గొట్టంలోకి ఒంపి, ఆ తర్వాత గుండును కడ్డీతో లోపలికి దిగగొట్టాలి. కాగితానికి పూసిన కొవ్వు ఆవుదో, పందిదో అన్న అనుమానమే అప్పుడు రగిలింది. అతడి పళ్ల మధ్యకు వచ్చింది కాగితమే గాని గుండు కాదు. ఇంగ్లీషు జాతీయంలో ఉన్నదేమో గుండు.

అంతకంటే బలమైన ఆధారం మరొకటి ఉంది. ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన సామాన్య జనం నోట నలిగే మాటలను ఏరి కూర్చిన నిఘంటువు 1785లో మొదటిసారి వెలువడింది. దాని 1796 కూర్పులో ‘నైటింగేల్’ అనే మాటకు ఇచ్చిన వివరణ చూడండి. కొరడా దెబ్బలు తింటూ గొంతెత్తి అరిచే సైనికుణ్ణి తోటివారు ఆ పాటల పిట్ట పేరుతో పిలిచేవారట. అరవకుండా ఉండడం కొన్ని దళాలలో పరువుకు సంబంధించిన విషయమనీ, అందుకోసం దెబ్బలు పడుతున్నంత సేపూ సీసపు గుండును నమిలేవారనీ గ్రోస్ రాశాడు. ఇది 1857కు 60 ఏళ్ల ముందు సంగతి. నేటి అర్థానికి దగ్గరగా, గుండె దిటవు చేసుకోమని చెప్పే సందర్భంలో ఈ మాట 1891 నాటి రడ్యార్డ్ కిప్లింగ్ నవల ‘ది లైట్ దట్ ఫెయిల్డ్’లో కనిపిస్తుంది.

మత్తుమందు లేని రోజుల్లో శస్త్రచికిత్స చేసేటప్పుడు సైనికుల నోటిలో గుండు పెట్టేవారన్న కథ కూడా మీరు వినే ఉంటారు. ఈథర్‌తో మత్తు ఇచ్చి శస్త్రచికిత్స చేయవచ్చని బోస్టన్ నగరంలో అందరి ఎదుట నిరూపించింది 1846లో గనుక, అంతకుముందు అలా జరిగి ఉండడం అసాధ్యమేమీ కాదు. అయినా గ్రోస్ సాక్ష్యం చేతిలో ఉండగా నేను కొరడా దెబ్బల వైపే మొగ్గుతాను. తెలుగులో మనం పంటి బిగువున భరించడం అంటాం. రెండింటిలోనూ పళ్లే ఉన్నా, వాడుకలో ఒక తేడా ఉంది. తెలుగు మాట బాధను ఓర్చుకోవడానికే పరిమితం. ఇంగ్లీషు మాటను ఎన్నాళ్లుగానో వాయిదా వేస్తూ వచ్చిన చేదు నిర్ణయాన్ని ఎట్టకేలకు తీసుకోవడానికి కూడా వాడతారు.

ప్రశ్న: ‘స్పిల్ ది బీన్స్’ ప్రాచీన గ్రీకుల రహస్య ఓటింగు నుంచి వచ్చిందంటారు. చిక్కుడు గింజలు వేసిన కుండ ఒలికిపోతే ఫలితం ముందే తెలిసిపోయేదట.

జవాబు: కాదు. రహస్యం బయటపెట్టడం అనే అర్థంలో ఈ మాట 20వ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో అమెరికాలో వాడుకలోకి వచ్చింది. గ్రీకు కుండకూ అమెరికా పత్రికలకూ మధ్య 2000 ఏళ్లకు పైగా ఆ మాట ఎక్కడా వినిపించకుండా ఎలా బతికి ఉంటుందో ఈ కథ చెప్పేవారు ఎవరూ వివరించలేదు.

ప్రశ్న: ‘టర్న్ ఎ బ్లైండ్ ఐ’ అనే మాటకూ నౌకా సేనాని నెల్సన్‌కూ సంబంధం ఏమిటి? ఇది కూడా కల్పితమేనా?

జవాబు: ఈ కథకు ప్రత్యక్ష సాక్షి ఉన్నాడు. అందుకే దీన్ని కాస్త విపులంగా చెబుతాను. హొరేషియో నెల్సన్‌కు 1794లో కోర్సికా ద్వీపంలోని కాల్వి ముట్టడిలో కుడికన్ను చూపు పోయింది. 1797లో టెనరీఫ్ దగ్గర కుడిచేయి పోయింది. 1801 ఏప్రిల్ 2న కోపెన్‌హాగన్ రేవులో డెన్మార్క్ నౌకలతో జరిగిన యుద్ధంలో ఆయన ‘ఎలిఫెంట్’ అనే నౌక మీద ఉన్నాడు. ఆయనకు పై అధికారి అయిన హైడ్ పార్కర్ దూరంగా మరో నౌకలో ఉండి, పోరు ఎటూ తేలకపోవడం చూసి, యుద్ధం విరమించమని అర్థం వచ్చే 39వ నంబరు సంకేతపు జెండాలను ఎగరేయించాడు.

నెల్సన్ పక్కనే ఉన్న కర్నల్ విలియం స్టీవర్ట్ ఆ క్షణాలను తర్వాత రాసిపెట్టాడు. సంకేతం సంగతి చెప్పగానే నెల్సన్ నౌక పైతట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ, తెగిన కుడిచేతి మొండిని కదిలించసాగాడట. ఆయన మనసు కలత చెందిందనడానికి అది గుర్తు. దగ్గరకు వచ్చి పోరాడమని తాను ఇచ్చిన 16వ నంబరు సంకేతం ఇంకా ఎగురుతోందా అని అడిగి, ఎగురుతోందని తెలుసుకొని, దాన్ని అలాగే ఉంచమన్నాడు. ఆ తర్వాత నౌక కెప్టెన్ ఫోలీ వైపు తిరిగి, తనకు ఉన్నది ఒక్క కన్నే కాబట్టి అప్పుడప్పుడు గుడ్డివాడిగా ఉండే హక్కు తనకు ఉందని చెప్పి, దూరదర్శినిని చూపు లేని కంటికి ఆనించి, సంకేతం తనకు నిజంగా కనిపించడం లేదన్నాడు. యుద్ధం కొనసాగింది, డెన్మార్క్ సంధికి ఒప్పుకుంది. కొద్ది వారాల్లోనే పార్కర్‌ను వెనక్కి పిలిపించి, ఆ నౌకాదళాన్ని నెల్సన్‌కు అప్పగించారు. పార్కర్ సంకేతం ఆజ్ఞ కాదనీ, విరమించాలనుకుంటే విరమించవచ్చునన్న అనుమతి మాత్రమేననీ వాదించేవారు కూడా ఉన్నారు. ఇష్టం లేనిదాన్ని చూడకుండా ఉండడమనే ఊహ నెల్సన్‌తోనే పుట్టిందని నేను అనను గాని, ఈ మాటకు ఇంతటి ప్రచారం రావడానికి కారణం ఆయన కన్నే.

వాడుకలో జాగ్రత్త అవసరం. ఒక లోపం మన కంట పడనే లేదనుకోండి, అక్కడ ఈ జాతీయం పనికిరాదు. తెలిసి ఉండి, చూసీ చూడనట్టు ఊరుకున్నప్పుడే ఇది సరిపోతుంది. చెప్పిన మాట వినకుండా పెడచెవిన పెట్టడానికి ‘టర్న్ ఎ డెఫ్ ఇయర్’ అనే వేరే జాతీయం ఉంది.

ప్రశ్న: బొటనవేలి కంటే లావు లేని కర్రతో భార్యను కొట్టడానికి ఇంగ్లండు చట్టం భర్తకు అనుమతి ఇచ్చిందనీ, ‘రూల్ ఆఫ్ థంబ్’ అక్కడి నుంచే వచ్చిందనీ విన్నాను. అలాంటి మాటను వాడడం తప్పు కాదా?

జవాబు: మీ సంకోచం వెనుక ఉన్న భావం గౌరవించదగినది. కాని అలాంటి చట్టం ఇంగ్లండులో లేదు. 1782లో ఫ్రాన్సిస్ బుల్లర్ అనే న్యాయమూర్తి అలాంటి అభిప్రాయం వెలిబుచ్చాడన్న వదంతి వ్యాపించి, ప్రసిద్ధ చిత్రకారుడు జేమ్స్ గిల్‌రే ఆయనను ‘జడ్జ్ థంబ్’ అని ఎగతాళి చేస్తూ బొమ్మ గీశాడు. ఆ ఎగతాళి ఆయన పేరుకు జీవితాంతం అంటుకుపోయింది. అయితే దానికి దాదాపు 100 ఏళ్ల ముందే, 1685లో అచ్చయిన జేమ్స్ డరమ్ అనే స్కాట్లండు మతబోధకుడి ప్రసంగాల్లో, కొలతలు లేకుండా ఉజ్జాయింపుగా ఇల్లు కట్టే తెలివితక్కువ మేస్త్రీలను ఉద్దేశించి ఈ మాట వాడారు. నేటి అర్థం సరిగ్గా అదే. శాస్త్రీయమైన లెక్కతో పని లేకుండా అనుభవం మీద వేసుకునే అంచనా, మోటు లెక్క. బొటనవేలితో కొలవడం చేతిపనుల వారికి సహజం కాబట్టి పుట్టుక కోసం కోర్టు దాకా వెళ్లనక్కర్లేదు. భార్యలను కొట్టిన భర్తలను చట్టం ఉపేక్షించిన కాలాలు ఉన్నాయి, వాటి చరిత్రను తప్పక చదవాలి. ఈ జాతీయం మాత్రం అందులో భాగం కాదు.

ప్రశ్న: ‘బాయ్‌కాట్’ ఒక మనిషి పేరు అంటే నమ్మశక్యంగా లేదు. ఆయన ఏదైనా బహిష్కరణ ఉద్యమానికి నాయకుడా?

జవాబు: నాయకుడు కాదు, బహిష్కరణకు గురైనవాడు. చార్లెస్ కన్నింగ్‌హామ్ బాయ్‌కాట్ సైన్యంలో పనిచేసి, ఐర్లండులోని మేయో కౌంటీలో లాఫ్ మాస్క్ సరస్సు పక్కన స్థిరపడి, ఎర్న్ ప్రభువు భూములకు ఏజెంటుగా ఉండేవాడు. 1880లో పంటలు సరిగా లేక కౌలుదార్లు శిస్తులో 25 శాతం తగ్గించమని కోరారు. భూస్వామి 10 శాతానికి మించి తగ్గించనన్నాడు. కట్టలేనివారికి ఖాళీ చేయమని నోటీసులు ఇచ్చే పని బాయ్‌కాట్ మీద పడింది.

అదే సంవత్సరం సెప్టెంబరులో ఐరిష్ నాయకుడు చార్లెస్ స్టువర్ట్ పార్నెల్ ఎన్నిస్ పట్టణంలో ప్రసంగిస్తూ, వెళ్లగొట్టిన కౌలుదారు భూమిని ఆశపడి తీసుకున్నవాణ్ణి కొట్టవద్దు, చంపవద్దు, దారిలోనూ దుకాణంలోనూ సంతలోనూ ప్రార్థనాలయంలోనూ అతణ్ణి పలకరించకుండా ఒంటరిని చేయండని చెప్పాడు. మేయో ప్రజలు ఆ ఆయుధాన్ని ఏజెంటు మీదే ప్రయోగించారు. పొలంలో కూలీలు, ఇంట్లో పనివారు వెళ్లిపోయారు. కమ్మరి గుర్రాలకు లాడాలు కొట్టనన్నాడు, చాకలి బట్టలు ఉతకలేదు, దుకాణదార్లు సరుకు అమ్మలేదు, టపా తెచ్చే కుర్రవాణ్ణి కూడా రావద్దని హెచ్చరించారు. బాయ్‌కాట్ తన గోడు వెళ్లబోసుకుంటూ లండన్ ‘టైమ్స్’ పత్రికకు ఉత్తరం రాయడంతో ఆయన పేరు దేశమంతా తెలిసింది.

పొలంలో బంగాళాదుంపలు, టర్నిప్ దుంపలు కుళ్లిపోయే స్థితికి వచ్చాయి. నవంబరులో ఉత్తరాన కావన్, మొనహన్ కౌంటీల నుంచి 50 మంది స్వచ్ఛంద కూలీలు వాటిని తవ్వడానికి వచ్చారు. వారికి కాపలాగా సైనికులూ పోలీసులూ కలిపి సుమారు 1000 మంది వచ్చారు. సుమారు 500 పౌండ్ల విలువ చేసే పంటను ఇంటికి చేర్చడానికి 10,000 పౌండ్లు ఖర్చయిందని అప్పట్లో అంచనా వేశారు. నవంబరు చివర్లో బాయ్‌కాట్ కుటుంబంతో సహా ఆ ప్రాంతం విడిచి వెళ్లిపోయాడు.

మాట ఎలా పుట్టిందో కూడా తెలియడం ఈ కథలోని విశేషం. ఆ ప్రాంతపు మతాచార్యుడు జాన్ ఓమాలీ, అమెరికన్ విలేఖరి జేమ్స్ రెడ్‌పాత్ ఈ కొత్త పోరాటాన్ని ఏమని పిలవాలా అని ఆలోచించారు. వెలివేయడానికి ఇంగ్లీషులో ఉన్న గ్రీకు మూలపు మాట రైతులకు కొరుకుడు పడదని తలచి, ఓమాలీ ‘బాయ్‌కాట్ చేయడం’ అంటే సరి అన్నాడని రెడ్‌పాత్ చెప్పాడు. ఆ సంవత్సరం ముగియకముందే పత్రికలు దాన్ని క్రియగా వాడసాగాయి. అనతికాలంలోనే ఫ్రెంచి, జర్మన్ భాషల్లోకి అదే పేరు పాకింది. పుట్టిన ఊరు, సంవత్సరం, పెట్టినవారి పేరు ఇంత కచ్చితంగా తెలిసిన మాటలు ఏ భాషలోనైనా అరుదు. ఇలాంటి నిజమైన కథలు ఉండగా కల్పించిన వాటితో మనకేం పని?

ప్రశ్న: ‘సింహభాగం’, ‘మొసలి కన్నీరు’ తెలుగు జాతీయాలేనా? ఇంగ్లీషు నుంచి తెచ్చుకున్నవైతే మానేయడం మంచిది కాదా?

జవాబు: రెండూ ఇంగ్లీషు జాతీయాలకు అనువాదాలే. అయినా మానేయవలసిన పని లేదు. పత్రికల ద్వారా ఇంటింటికీ చేరి, ఎవరూ వివరణ అడగనంతగా స్థిరపడిన మాటలు ఇప్పుడు మన సొత్తే. ‘లయన్స్ షేర్’ ఈసపు కథల నుంచి వచ్చింది. మొదటి శతాబ్దపు రోమన్ కవి ఫీడ్రస్ చెప్పిన రూపంలో ఆవు, మేక, గొర్రె సింహంతో కలిసి వేటాడి ఒక దుప్పిని పడగొడతాయి. సింహం దాన్ని నాలుగు వాటాలు చేసి, ఒక్కొక్క వాటాకు ఒక్కొక్క సాకు చెప్పి మూడింటిని తీసుకొని, నాలుగోదాన్ని ముట్టినవాడికి చేటు తప్పదని బెదిరిస్తుంది. అంటే కథ ప్రకారం సింహభాగమంటే మొత్తం అంతా. నేటి వాడుకలో మాత్రం ఇంగ్లీషులోనూ తెలుగులోనూ అది అధికభాగమే. వాడుక మారాక కథను పట్టుకొని తప్పు పట్టడం సరికాదు.

మొసలి కన్నీటి సంగతి ఇంకా ఆసక్తికరం. మొసలి మనిషిని తింటూ ఏడుస్తుందన్న నమ్మకాన్ని ఇంగ్లీషు పాఠకులకు బాగా పరిచయం చేసింది 14వ శతాబ్దంలో జాన్ మాండెవిల్ పేరుతో ప్రచారమైన యాత్రా గ్రంథం. షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’లో దొంగ ఏడుపును మొసలితో ముడిపెట్టాడు. అమెరికాలోని ఫ్లోరిడాలో కెంట్ వ్లీట్ అనే జంతుశాస్త్రవేత్త ఈ నమ్మకాన్ని స్వయంగా పరీక్షించాడు. ఒడ్డు మీదికి వచ్చి ఆహారం తినడం అలవాటైన మొసలి జాతి జంతువులు, అంటే అలిగేటర్లు, కైమన్లు తినేటప్పుడు ఆయన గమనించాడు. ఏడింటిలో ఐదింటి కళ్లు తడిసి, కొన్నింటికి నురగ కూడా వచ్చింది. ఆ ఫలితాలు 2007లో ప్రచురితమయ్యాయి. తినేటప్పుడు అవి బుసకొట్టడం వల్ల గాలి తలలోని గుల్లల గుండా తోసుకొచ్చి కన్నీటిని బయటికి నెట్టడం కారణం కావచ్చునని ఆయన ఊహ. దుఃఖం లేదు గాని కన్నీరు మాత్రం నిజమే.

ప్రశ్న: ‘కిక్ ది బకెట్’ అంటే చనిపోవడమని నిఘంటువులో చూశాను. ఒక సహోద్యోగి తండ్రి మరణించినప్పుడు ఇంగ్లీషులో రాసే సంతాప లేఖలో దీన్ని వాడవచ్చా?

జవాబు: వాడవద్దు. ఇంతకుముందు చెప్పిన గ్రోస్ నిఘంటువు 1785లోనే దీన్ని జనసామాన్యపు మోటు మాటల్లో చేర్చింది. ఇప్పటికీ దీనిలో చులకన భావమే ఉంది. ‘బకెట్’ అనే మాటకు కొన్ని ప్రాంతాల్లో వధించిన పందులను వేలాడదీసే దూలం అన్న అర్థం ఉండేదనీ, ప్రాణం పోతూ అవి దాన్ని తన్నడమే మూలమనీ చెప్పే వివరణ మిగిలిన వాటికంటే నమ్మదగినది. ఆ దృశ్యాన్ని మనసులో పెట్టుకుంటే, తండ్రిని పోగొట్టుకున్నవారికి ఈ మాట ఎందుకు రాయకూడదో మీకే తెలుస్తుంది. సంతాప లేఖలో ‘పాస్‌డ్ అవే’ అనండి, లేదా సూటిగా ‘డైడ్’ అనండి. రెండూ మర్యాదైన మాటలే.